కూరలో పొడి కలపొద్దు, మందు ఒక్కసారిగా ఆపించొద్దు

ప్రశ్న: మాది గోదావరి జిల్లాల్లో ఒక చిన్న ఊరు. మా ఆయన తాపీ మేస్త్రి, వయసు 43. పదిహేనేళ్ళుగా తాగుతున్నారు. మొదట్లో ఆదివారాలే, ఇప్పుడు పొద్దున ఒక క్వార్టరు, రాత్రి ఒక క్వార్టరు. పొద్దున పడకపోతే చేతులు వణికి తాపీ పట్టుకోలేరు. తిండి సరిగా తినరు, అరికాళ్ళు మంటలంటారు, నేను ఫోన్లో ఎవరితో మాట్లాడినా అనుమానం. ఒకట్రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నారు. మొన్న కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేశారు. మూడో రాత్రి గోడ నిండా చీమలంటూ దులపడం, ఎవరో పనికి పిలుస్తున్నారంటూ లేచి గాల్లో ప్లాస్టరింగ్ చేస్తున్నట్టు చెయ్యి తిప్పడం. అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. చివరికి మా బావగారు క్వార్టరు తెచ్చి పోస్తే కాస్త సర్దుకున్నారు. మాల తీసేయాల్సి వచ్చింది, ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నాం. ఇప్పుడు గోడ మీద ప్రకటన చూసి, తాగేవాళ్ళకు తెలియకుండా మాన్పించే పొడి తెప్పించాను. రోజూ చిటికెడు కూరలో వెయ్యమన్నారు. పోపుల డబ్బా వెనక దాచాను, ఇంకా వెయ్యలేదు. వెయ్యవచ్చా డాక్టరుగారూ? మా బాబు పదో తరగతి, వాళ్ళ నాన్నతో మాట్లాడటం మానేశాడు.

జవాబు: వెయ్యొద్దమ్మా. ఆ పొట్లాన్ని వంటింట్లోంచి తీసి ఎవరి చేతికీ అందని చోట పెట్టండి, పారేయకండి, ఎందుకో తర్వాత చెబుతాను. రెండో సంగతి, ఆయన్ను ఇంట్లో ఉంచి ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం మళ్ళీ చెయ్యకండి. మాన్పించే దారి చెప్పమంటే ఆపించొద్దంటాడేమిటి ఈ డాక్టరు అనుకుంటారేమో, కానీ మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ మూడో రాత్రి. మీ ఆయన ఆ రాత్రి బతికి బయటపడటం అదృష్టం.

అది గాలీ కాదు, ధూళీ కాదు. దానికి డెలీరియం ట్రెమెన్స్ అని పేరు, 1813లో థామస్ సట్టన్ అనే ఇంగ్లండు వైద్యుడు పెట్టాడు, రెండు వందల ఏళ్ళు దాటినా మేం ఆ పేరే వాడుతున్నాం. గోడ మీద చీమలు, మంచం మీద పాములు, ఒంటి మీద పురుగులు, ఇవన్నీ ఆ జబ్బులో మామూలుగా కనిపించేవే. గాల్లో ప్లాస్టరింగ్ చేశారని రాశారు చూడండి, అది చదవగానే నాకు అనుమానం తీరిపోయింది. ఈ స్థితిలో మనుషులు తమ పని తాము చేసుకుంటూ ఉంటారు. టైలరైతే లేని సూదిలో లేని దారం ఎక్కిస్తాడు, లారీ డ్రైవరు మంచం మీద కూర్చుని గేర్లు మారుస్తాడు. చూసేవాళ్ళకు దయ్యం పట్టినట్టే ఉంటుంది, మీ అత్తగారిని నేనేమీ అనను, ఆవిడకు తెలిసినంతలో కొడుకును కాపాడుకోబోయారు.

అసలు జరిగేదేమిటంటే, ఆల్కహాల్ మెదడును మందగింపజేస్తుంది. పొద్దునా రాత్రీ అలా మందగిస్తూ ఉంటే బతుకు నడవదు కాబట్టి మెదడు తన వంతుగా ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోతుంది. బయటి నుంచి ఒకడు తలుపును నెడుతుంటే మీరు లోపలి నుంచి భుజం ఆనించి బలమంతా పెట్టి ఆపుతున్నారనుకోండి, వాడు చటుక్కున తప్పుకుంటే మీరే తలుపుతో సహా బయటికి బోర్లా పడతారు. మందు హఠాత్తుగా ఆగిపోతే మెదడుకు అయ్యేది అదే. ఆఖరి గ్లాసు తర్వాత ఆరేడు గంటలకే వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక, మూడో రోజో నాలుగో రోజో, మతి తప్పడం, లేనివి కనపడటం, జ్వరం, బీపీ నాడి రెండూ పైకెక్కిపోవడం. ఆ దశలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అదే పరంజా మీద నిలబడి ఉండగా ఫిట్స్ వస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

రోజూ తాగే ప్రతివాడికీ ఇలా అవుతుందని కాదు. మీ ఊళ్ళోనే మాల వేసుకున్న వాళ్ళలో తాగేవాళ్ళు చాలామంది ఉంటారు, మండలం రోజులు చుక్క ముట్టకుండా హాయిగా గడిపేస్తారు, వాళ్ళను చూసి మీ ఆయనకు భక్తి లేదు, పట్టుదల లేదు అని ఊరు అనేస్తుంది. వాళ్ళ ఒళ్ళు ఇంకా మందు మీద ఆధారపడలేదు, ఈయన ఒళ్ళు పడింది, తేడా అంతే. ఆ తేడా పట్టుకోవడానికి పెద్ద పరీక్షలేవీ అక్కర్లేదు, పొద్దున లేవగానే చేతులు వణుకుతూ, ఒక పెగ్గు పడగానే ఆ వణుకు ఆగిపోతుంటే ఆ మనిషి మాల వేసుకునే ముందు గురుస్వామి దగ్గరికంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇది మీకే కాదు, ఈ పేజీ చదివే వాళ్ళందరికీ. నిజానికి మాల అంటే నాకు గౌరవమే, మన మగవాళ్ళకు నలుగురిలో మందు వద్దనడానికి ఉన్న మర్యాదైన సాకు అదొక్కటే, నల్లబట్టలు చూస్తే ఏ స్నేహితుడూ బలవంతపెట్టడు. వైద్యం అయ్యాక వచ్చే ఏడాది మీ ఆయన కూడా నిక్షేపంగా వేసుకోవచ్చు.

ఇక పొద్దున వణుకు సంగతి. క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం, అంటే ఒక క్వార్టరులో దాదాపు 60 గ్రాముల అచ్చమైన ఆల్కహాల్ ఉంటుంది. లివర్ గంటకు వదిలించగలిగేది సుమారు ఏడు నుంచి పది గ్రాములు, బాగా అలవాటు పడ్డవాళ్ళలో ఇంకొంచెం ఎక్కువ. రాత్రి ఎనిమిదింటికి తాగింది తెల్లవారుజామున నాలుగైదింటికల్లా అయిపోతుంది, ఆయన సరిగ్గా ఆ వేళకే చెమటలు పట్టి లేచి కూర్చుంటూ ఉండాలి, అవునా? మందు లేకపోతే నిద్ర పట్టదని ఈ మనుషులందరూ అంటారు, మందు నిద్ర పుచ్చే మాట నిజమే, సగం రాత్రిలో లేపేది కూడా అదే. ఆ లేచిన మనిషికి ఇంకో క్వార్టరు కావాలి. అది సరదా కోసం తాగేది కాదు, ఆ స్థాయి ఆయన ఎప్పుడో దాటేశారు, మామూలుగా చెయ్యి నిలబడటానికే తాగుతున్నారు. మంచి సరుకు తాగితే ఏమీ కాదు, బీరైతే పర్లేదు అనే మాటలు కూడా మీ ఇంట్లో వినిపించే ఉంటాయి. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒకటి నాలుగు చిన్న పెగ్గులతో సమానం, సీసా ధర ఎంతైనా లోపలున్న పదార్థం ఒకటే.

అనుమానం గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, నాకు తెలిసి ఇంట్లో ఎక్కువ నరకం అదే అయి ఉంటుంది. ఏళ్ళ తరబడి తాగేవాళ్ళలో భార్య మీద లేనిపోని అనుమానం పెరగడం మేం తరచూ చూస్తాం, ఫోను లాక్కుని చూడటం, పాలవాడితో మాట్లాడితే గొడవ, పనికి వెళ్ళినట్టే వెళ్ళి మధ్యలో ఇంటికి వచ్చి చూడటం. మీ ప్రవర్తనలో ఏదో లోపం ఉందేమోనని మీరు చీర కట్టు దగ్గర్నుంచి మాట తీరు దాకా మార్చుకుంటూ ఉంటారు, ఎంత మార్చుకున్నా ఆ అనుమానం తగ్గదు, ఎందుకంటే అది మీ వల్ల వచ్చింది కాదు. దాంతోపాటు దిగులు కూడా ఉంటుంది, పైకి కోపంగా కనపడుతుంది. తాగి ఉన్నప్పుడు చచ్చిపోతానంటే తాగుబోతు మాటలని కొట్టిపారేయకండి, మందులో ఉన్న మనిషి ఆలోచనకూ చేతకూ మధ్య పెద్ద దూరం ఉండదు. రాత్రి చేసిన గొడవ పొద్దున గుర్తు లేదంటే అన్నిసార్లూ నటన అనుకోకండి, మందు మోతాదు మించినప్పుడు మెదడు కొత్త జ్ఞాపకాలను రాసుకోవడమే ఆపేస్తుంది.

కానీ జబ్బు అన్నాను కదా అని దెబ్బలు కూడా జబ్బు ఖాతాలో వేసి ఊరుకోమని చెప్పడం లేదు. ఆయన చెయ్యెత్తే పరిస్థితి వస్తే వాదన పెట్టుకోకుండా బాబును తీసుకుని పక్కింట్లోకి వెళ్ళిపోండి, 112కి గానీ మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోను చెయ్యండి. కొంచెం డబ్బు, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకం మీ పుట్టింట్లోనో నమ్మకమైన వాళ్ళ దగ్గరో ఉంచండి. దీనికి మొహమాటపడాల్సింది మీరు కాదు.

అరికాళ్ళ మంటలంటే నరాలు దెబ్బతింటున్నాయని అర్థం. ఒకటి ఆల్కహాల్ నేరుగా నరాలను పాడుచేస్తుంది, రెండోది బి1 విటమిన్ లోపం. అన్నం తినడు, తిన్నది పేగుల్లోంచి ఒంటికి పట్టదు, పైగా మనం తినేది బాగా పాలిష్ పట్టిన తెల్ల బియ్యం. మన కోస్తా జిల్లాల్లో ఒకప్పుడు పాలిష్ బియ్యం వల్లే బెరిబెరి జబ్బు ఉండేది, అదీ ఈ విటమిన్ లోపమే. ఇదే లోపం మెదడుకు తగిలితే మనిషి తూలుతాడు, చూపు నిలవదు, తికమక పడతాడు, వెంటనే పట్టుకోకపోతే ఆ తర్వాత నిన్నటి సంగతి ఇవాళ గుర్తుండదు, ఆ ఖాళీని లేనిపోని కథలతో పూరిస్తాడు, చాలామందిలో అది మళ్ళీ పూర్తిగా బాగుపడదు. అందుకే ఒక హెచ్చరిక. నీరసంగా ఉన్నాడని దగ్గర్లోని ఆర్ఎంపీ చేత గ్లూకోజ్ సీసా ఎక్కించే అలవాటు మనకు ఉంది కదా, ఇలా రోజూ తాగి తిండి మానేసిన మనిషికి బి1 ఇంజెక్షను ఇవ్వకుండా గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే పరిస్థితి ఇంకా దిగజారవచ్చు. ఎవరు ఎక్కించబోయినా ముందు తాగుడు సంగతి దాచకుండా చెప్పండి, పరువు కోసం దాచి ప్రాణం మీదికి తెచ్చుకునే వాళ్ళను చాలామందిని చూశాను.

లివర్ గురించి మీకు తెలియనిది పెద్దగా ఉండదు. మొదటి దశలో కొవ్వు పడుతుంది, మానేస్తే కొన్ని వారాల్లోనే చాలావరకు తగ్గిపోతుంది. ముదిరి గట్టిపడితే, అంటే సిరోసిస్ వస్తే, వెనక్కి రావడం కష్టం, కానీ ఆ దశలోనూ మానేసిన వాడికీ మానని వాడికీ మిగిలే ఆయుష్షులో చాలా తేడా ఉంటుంది. కళ్ళు పచ్చబడితే పసరు పోయించడానికి తీసుకెళ్ళకండి. పొట్ట ఉబ్బడం, తారులా నల్లటి విరేచనం, రక్తపు వాంతి, ఫిట్స్, మతి తప్పి మాట్లాడటం, వీటిలో ఏది కనపడినా తెల్లారే దాకా ఆగకుండా 108. ఇంకొకటి, హ్యాంగోవర్ తలనొప్పికి పారాసెటమాల్ గుప్పెడు మింగే అలవాటుంటే ఆపించండి, ఈ లివర్‌కు ఆ మోతాదు విషమే. ఆయన ఖైనీ కూడా నములుతారా? మీరు రాయలేదు, పని చోట చాలామందికి ఉంటుంది కాబట్టి అడుగుతున్నాను. ఆల్కహాల్‌ను క్యాన్సర్ తెచ్చే పదార్థమని 1988లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది, దానికి పొగాకు తోడైతే నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పు విడివిడిగా ఉన్నదానికంటే చాలా పెరుగుతుంది.

ఇప్పుడు ఆ పొడి సంగతి. అందులో ఏముందో మీకు తెలియదు, అమ్మినవాడు చెప్పడు. ఉత్త మూలికల పిండి అయితే డబ్బు పోయిందనుకోవచ్చు. కానీ ఇలాంటి వాటిలో డైసల్ఫిరామ్ అనే మందు కలిపి ఉండే ప్రమాదం ఉంది. అది ఆసుపత్రుల్లో మేం కూడా వాడే మందే. దాని కథ తమాషాగా ఉంటుంది, 1940ల్లో డెన్మార్క్‌లో హాల్డ్, యాకబ్సన్ అనే ఇద్దరు దాన్ని కడుపులో పురుగుల మందుగా పరీక్షిస్తూ తామే మింగి చూశారు, తర్వాత మద్యం పుచ్చుకుంటే ఒళ్ళంతా అతలాకుతలమైంది, అలా తాగుడు మాన్పించడానికి పనికొస్తుందని తేలింది. లోపలికి వెళ్ళిన ఆల్కహాల్‌ను లివర్ మొదట అసిటాల్డిహైడ్ అనే విషంగా మారుస్తుంది, తర్వాత దాన్ని విరిచేస్తుంది, ఈ మందు ఆ రెండో పనిని అడ్డుకుంటుంది. దాంతో మొహం ఎర్రబడి, తల పగిలిపోతూ, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. ఆ భయంతో మనిషి తాగుడు జోలికి పోడు. తెలిసి మింగిన మనిషి సంగతి అది. తెలియకుండా కూరలో తిన్న మనిషి ఎప్పటిలాగే క్వార్టరు ఎత్తేస్తాడు, లివరో గుండో పాడై ఉంటే అక్కడికక్కడే పోవచ్చు. ఆపేసిన రెండు వారాల దాకా కూడా దాని ప్రభావం ఉంటుంది. అందుకే మేం ఆ మందు రాసే ముందు లివర్, గుండె పరీక్షలు చేస్తాం, రోగి ఒప్పుకున్నాకే ఇస్తాం.

సరే, ఏమీ కాలేదనే అనుకుందాం. మీ మీద అసలే అనుమానంతో ఉన్న మనిషికి, కూరలో రోజూ ఏదో పొడి కలుపుతున్నారని ఒకరోజు తెలుస్తుంది. వంటింట్లో దాచింది ఎన్నాళ్ళు దాగుతుంది చెప్పండి. ఆ తర్వాత మీరు పెట్టిన అన్నం ముట్టడు, మీరు తీసుకెళ్ళే ఆసుపత్రికి రాడు, మేం ఇచ్చే మందు మింగడు. మేం చేయగలిగిన వైద్యమంతా ఆయన మీ మాట నమ్మి గడప దాటడం మీద ఆధారపడి ఉంది, ఆ నమ్మకాన్ని పొడి కోసం పోగొట్టుకోకండి.

మరి చెయ్యాల్సింది ఏమిటి? ఆసుపత్రిలో చేర్పించి మాన్పించాలి. మీకు కాకినాడ జీజీహెచ్‌లో సైకియాట్రీ విభాగం ఉంది, విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాల ఉంది, హైదరాబాద్ వైపు వాళ్ళకైతే ఎర్రగడ్డ. పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళారంటారని భయపడకండి, గాలి సోకిందని ఇప్పటికే అన్నారు కదా, దానికంటే ఏం ఎక్కువ అంటారు. వారం పది రోజులు ఉంచుకుని క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మందు మొదట ఎక్కువగా ఇచ్చి రోజురోజుకీ తగ్గిస్తూ వస్తారు, లివర్ బాగా దెబ్బతిని ఉంటే వేరేది ఇస్తారు, బి1 ఇంజెక్షన్లు చేస్తారు. ఇలా చేస్తే ఆ మూడో రాత్రి చాలామందికి అసలు రానే రాదు. ఇవే మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చి ఇంట్లో వెయ్యొద్దు, వాటి మీద మందు తాగితే ఊపిరి ఆగిపోవచ్చు. చేర్పించే రోజు దాకా ఆయన ఎంత తాగుతున్నారో అంతే తాగనివ్వండి, సీసాలు పారబోయడం, తాళం వెయ్యడం వద్దు. ఈ మాట రాయడం నాకేం ఇష్టం కాదు, అయినా ఆ రెండు మూడు రోజులకు అదే క్షేమం.

ఒంట్లోంచి మందు దిగిపోవడం సులువైన భాగం, తర్వాతి ఏడాదే కష్టం. తాగాలనే కోరిక తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటివి ఉన్నాయి, ఆయన లివర్ చూసి ఏది సరిపోతుందో నిర్ణయిస్తారు. మధ్యలో ఒకటి రెండుసార్లు జారిపడటం మామూలే, స్లాబు పోసిన రోజు యజమాని ఇప్పించే పార్టీ దగ్గరే ఎక్కువమంది జారతారు, అలా జరిగితే అంతా వృథా అయిందనుకోకుండా మర్నాడే మళ్ళీ చూపించండి. ఒక జాగ్రత్త. డీ-అడిక్షన్ సెంటర్ అని బోర్డు పెట్టి, డాక్టరు లేకుండా మనుషుల్ని గదిలో వేసి కొట్టి మాన్పించే చోట్లు కూడా ఉన్నాయి. రిజిస్ట్రేషను ఉందా, సైకియాట్రిస్టు రోజూ వస్తారా, మీరు వెళ్ళి చూడనిస్తారా, ఇవి అడగకుండా అప్పగించకండి.

ఆయన్ను ఒప్పించేది ఎలా అంటారు. తాగి ఉన్నప్పుడు వద్దు, తెల్లవారుజామున వణుకుతున్నప్పుడూ వద్దు. పొద్దుటి పెగ్గు పడి వణుకు తగ్గి, ఇంకా పనికి బయల్దేరని అరగంట ఉంటుంది చూడండి, అప్పుడు. తాగుడు మానమని అడగకండి, ఆ మాట ఆయన వెయ్యిసార్లు విన్నారు. చేతుల గురించి మాట్లాడండి. ఇన్నేళ్ళుగా తూకం తప్పకుండా గోడ కట్టిన చేతులు, వాటి వణుకు పోవడానికి వైద్యం ఉందట, ఒకసారి చూపించుకుందాం అనండి. మీ బావగారిని కూడా కూర్చోబెట్టుకోండి, ఆ రాత్రి ఏం జరిగిందో ఆయన కళ్ళారా చూశారు, మగమాట కాబట్టి వింటారేమో కూడా. వెళ్ళేటప్పుడు బండి మీద ఒంటరిగా పంపకండి, ఆ పొడి పొట్లం పట్టుకెళ్ళి డాక్టరుకు చూపించండి, ఎవరైనా ఇప్పటికే కలిపి ఉంటే అది వాళ్ళకు తెలియాలి.

మీ బాబుకు విషయం దాచకండి. నాన్నకు జబ్బు చేసింది, వైద్యం చేయిస్తున్నాం, ఇందులో నీ తప్పేమీ లేదు అని చెప్పండి. మాట్లాడమని బలవంతం చెయ్యకండి, వాడి కోపం న్యాయమైనదే. తండ్రికి ఈ జబ్బు ఉంటే పిల్లలకు ముప్పు మామూలు కంటే ఎక్కువ, అది కూడా తెలియనివ్వండి, ఇంటర్‌లో చేరాక స్నేహితులు మొదటి బీరు చేతిలో పెట్టే వేళకు తెలిసి ఉండటం మంచిది.

ఒకవేళ ఆయన ససేమిరా రానంటే మీరొక్కరే వెళ్ళండి. ఓపీలో ఆయన పేరు మీద కాదు, మీ పేరు మీదే చీటీ రాయించుకోండి, నిద్ర లేదు, దిగులుగా ఉంది అని చెప్పండి, అది అబద్ధమేమీ కాదు కదా. వెళ్ళే వీలు లేకపోతే టెలి మానస్ 14416కు ఫోను చెయ్యండి, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. తాగుడుకు విడిగా 14446 ఉంది. ఇంట్లోంచి మాట్లాడటం కుదరకపోతే పక్కింటివాళ్ళ ఫోను నుంచి చెయ్యండి, మీ కాల్ లిస్టు ఆయన చూస్తారు కదా.